పాత పట్టాలపై కొత్త బండి

దక్షిణ భారతదేశమున తొలి రైలుమార్గము 1856వ సంవత్సరము జులై 1వ తేదీన తెరువబడెను. అది చెన్నపట్టణపు రాయపురము నుండి ఆర్కాటు చేరువనున్న వాలాజా రోడ్డు వరకు పోయెడిది. మన పట్టాభిరాము, తిరువళ్లూరు, అరక్కోణము ఆ దారిలోనివే. నాడు పరచిన పట్టాల నడిమి వెడల్పు ఐదడుగుల ఆరంగుళములు. నేటి కొలతలో 1676 మిల్లీమీటర్లు. అటుపిమ్మట ఆ దారిపై బొగ్గు ఇంజను పోయినది, డీజిలు వచ్చినది, విద్యుత్తు వచ్చినది. చెక్క పెట్టెలు పోయి ఉక్కు పెట్టెలు వచ్చినవి. 2018లో పెరంబూరు ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీవారు వందే భారత్ అను బండిని నిర్మించిరి. 2022 నవంబరు నుండి చెన్నై మైసూరుల నడుమ అట్టి బండి మన ఊరి మీదుగా పరుగిడసాగెను. ఇన్ని మారినను పట్టాల వెడల్పు మాత్రము అంగుళమైనను మారలేదు. నాటివారు నాటిన కొలతను నేటివారు మన్నించిరి గనుకనే కొత్త బండికి పాత దారి పనికివచ్చినది.

ఈ వ్యాసమున మేము చెప్పదలచినది పట్టాలను గూర్చి కాదు. కంటికి కానరాని పట్టాలు కంప్యూటరు ప్రోగ్రాములకును కలవు. నేడు తయారైన ప్రోగ్రాము పదేండ్ల క్రిందటి యంత్రముపై నడచునా, నడవదా అను ప్రశ్న ఇంజనీర్లకు మాత్రమే చెందినదని పలువురి తలంపు. టిక్కెట్టు కిటికీ వెనుక ఏండ్లతరబడి కూర్చుండిన మావంటి గుమాస్తాలకు ఆ తలంపు సరికాదని తెలియును. కిటికీ ముందు నిలిచిన ప్రయాణికునకు టిక్కెట్టు దొరకుట, పదవీవిరమణ చేసిన పెద్దల యింటి పాత కంప్యూటరు తెరచుకొనుట, మన సంఘపు పాత సంచికలు చదువుటకు వీలగుట, ఇవన్నియు ఆ ప్రశ్నపైననే ఆధారపడియున్నవి. అదియుగాక ఈ చరిత్రలో ఒక ముఖ్యఘట్టము తెలుగునగరమైన సికిందరాబాదున జరిగినది. కావున ఈ సంచికలో దీనికి చోటు తగునని భావించితిమి.

బైనరీ యననేమి?

ప్రోగ్రాము వ్రాయువాడు మొదట మనుష్యులు చదువదగిన మాటలతో వ్రాయును. ఫోర్ట్రాన్, సి మొదలగునవి అట్టి భాషలు. ఆ వ్రాతను మూలపాఠమందుము. యంత్రమునకు ఆ మాటలు తెలియవు. దానికి తెలిసినవి అంకెలు మాత్రమే. కంపైలరు అను మరియొక ప్రోగ్రాము మూలపాఠమును అంకెలలోనికి మార్చును. లింకరు అనునది ఆ ముక్కలనన్నిటిని కూర్చి ఒక్కటి చేయును. అట్లు సిద్ధమైన దానికి బైనరీ యని పేరు. మనము కొని తెచ్చుకొనునది, దింపుకొనునది సాధారణముగా ఈ బైనరీయే. మూలపాఠము చేసినవారి వద్దనే యుండును.

అయితే బైనరీలో సమస్తము ఉండదు. తెరపై అక్షరము వ్రాయవలెనన్నను, ఫైలు తెరువవలెనన్నను, నేటి తేదీ ఏదని తెలిసికొనవలెనన్నను అది ఆపరేటింగ్ సిస్టమును అడుగవలసినదే. బండి నడుపు డ్రైవరు తానే దిగి పట్టాలు మార్చుకొనడు. స్టేషను మాస్టరు, సిగ్నలు క్యాబినులోనివారు ఆ పని చేసిపెట్టుదురు. అట్లే ప్రతి బైనరీ తన లోపల ఒక పట్టికను మోసికొనిపోవును: నాకు ఫలానా పనికి ఫలానా పేరుగలవాడు కావలెను, ఫలానా గ్రంథాలయమున వాడుండవలెను అని. యంత్రము ప్రోగ్రామును ఎక్కించుకొనునప్పుడు ఆ పట్టికను సరిచూచును. పేర్లన్నియు దొరికినచో బండి కదలును. ఒక్క పేరు దొరకకున్నను స్టేషనులోనే ఆగిపోవును.

చిక్కంతయు ఇక్కడనే యున్నది. సరిక్రొత్త యంత్రముపై కూర్చున్నవాడు ప్రోగ్రామును కట్టినప్పుడు, అతడు కోరకయే, ఆ పట్టికలో క్రొత్త పేర్లు వచ్చి చేరును. అతని ప్రోగ్రాము చేయు పని ఇరువదియేండ్ల నాటిదే కావచ్చును. కూడిక తీసివేతలకన్న మించినది కాకపోవచ్చును. అయినను పాత యంత్రము దానిని నిరాకరించును. ఆ నిరాకరణకు కారణము పని తెలియకపోవుట కాదు, పేరు తెలియకపోవుట.

దీనిని రెండు ధర్మములుగా విడదీసి చూడవలెను. పాత ప్రోగ్రాము కొత్త వ్యవస్థపై నడచునట్లు చూచుట వ్యవస్థను నిర్మించువారి ధర్మము. కొత్త ప్రోగ్రాము పాత వ్యవస్థపై నడచునట్లు కట్టుట ప్రోగ్రాము నిర్మించువారి ధర్మము. మొదటిది లేనిచో రెండవది సాగదు. మాట నిలుపుకొను పెద్దలున్న యింటనే పిన్నలు వారిని నమ్మి నడచుకొనగలరు గదా!

రిజర్వేషను పుస్తకము నుండి కంప్యూటరు వరకు

రైల్వే రిజర్వేషను ఒకప్పుడు పెద్ద పెద్ద రిజిస్టరులలో జరుగుచుండెను. బండికొక పుస్తకము, తేదీకొక పుట. ఏ పుస్తకము ఏ గుమాస్తా ముందున్నదో ఆ బండికి ఆ కిటికీయే దిక్కు. బెజవాడకు ఒక వరుస, బొంబాయికి ఒక వరుస. తప్పు వరుసలో నిలిచినవాడు మరల వెనుకకు పోవలసినదే. తిరుగు ప్రయాణపు బెర్తు కావలెనన్నచో ఆ ఊరికి తంతి పంపి జవాబునకై వేచియుండవలెను.

ఈ స్థితిని మార్చుటకు ప్రభుత్వరంగ సంస్థయైన సి.ఎం.సి.వారు ఇంప్రెస్ అను ప్రోగ్రామును రచించిరి. అది 1985-86లో ఢిల్లీలో మొదలై, 1987లో బొంబాయి, కలకత్తా, మద్రాసు కేంద్రములకు, 1989లో సికిందరాబాదునకు వచ్చెను. ఏ కిటికీ వద్దనైనను ఏ బండికైనను టిక్కెట్టు దొరకుట నాటి ప్రజలకు ఒక వింత. కాని ఐదు కేంద్రములు ఐదు దీవులుగా నుండెను. మద్రాసు యంత్రమునకు ఢిల్లీ యంత్రములోని బెర్తుల జాడ తెలియదు. 1986లో ఏర్పడిన క్రిస్ అను రైల్వేవారి కంప్యూటరు సంస్థ ఈ దీవులను కలుపుటకై కాన్సర్ట్ అను మరియొక ప్రోగ్రామును సిద్ధపరచెను. దానిని 1994లో మొట్టమొదట నడిపి చూచినది సికిందరాబాదులోనే. 1999 నాటికి ఐదు కేంద్రములును ఒక్కటైనవి. 2002 ఆగస్టులో ఐ.ఆర్.సి.టి.సి.వారు ఇంటినుండియే టిక్కెట్టు కొను వసతి కల్పించిరి. నేటికిని మన టిక్కెట్టుపైనున్న పదంకెల పి.ఎన్.ఆర్. సంఖ్యలో తొలి అంకెలు ఆ టిక్కెట్టు ఏ కేంద్రమున పుట్టినదో తెలుపుచుండును. పాత దీవుల గుర్తు అంకెలలో నిలిచిపోయినది.

ఈ పనికి ఎన్నుకొనబడిన యంత్రములు అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌వారి వాక్స్ కుటుంబమునకు చెందినవి. వాక్స్ 1977లో వెలువడెను. దాని ఆపరేటింగ్ సిస్టము వి.ఎం.ఎస్. 1978లో వాడుకకు వచ్చెను. ఆ పుట్టుకయే మన విషయమునకు చక్కని ఉదాహరణ. అంతకుముందు ఆ సంస్థవారు పి.డి.పి.-11 అను చిన్న యంత్రములను అమ్మియుండిరి. కొత్తది వచ్చినదని పాతదానిని కొన్నవారిని విడనాడక, తొలి వాక్స్ యంత్రముల లోపలనే పి.డి.పి.-11 ఆజ్ఞలను గ్రహించి నడుపు ఏర్పాటును చేర్చిరి. కొత్త కోడలు వచ్చినను అత్తగారి వంటపాత్రలకు చోటు తప్పలేదన్నమాట.

కిటికీ సంఖ్య మారరాదు

వి.ఎం.ఎస్. నిర్మాతలు ఇచ్చిన మాట ఒకటి కలదు. ఒక నాటి వి.ఎం.ఎస్.పై కట్టిన సాధారణ ప్రోగ్రాము ఆ తరువాత వచ్చు వి.ఎం.ఎస్.లపై తిరిగి కట్టనక్కరలేకయే నడువవలెను. దీనిని వారు నెరవేర్చిన ఉపాయము మా గుమాస్తా పనికి మిక్కిలి దగ్గరగా నుండుటచే కొంచెము వివరముగా చెప్పెదము.

పలు ప్రోగ్రాములు కలిసి వాడుకొను గ్రంథాలయములకు వారు ముందుభాగమున ఒక వరుస ద్వారములు పెట్టిరి. దానికి ట్రాన్స్‌ఫర్ వెక్టరు అని పేరు. ఐదవ ద్వారమున తట్టినచో ఫలానా పని జరుగును. లోపల ఆ పని చేయు కోడు ఎక్కడనున్నదో తట్టినవానికి తెలియదు, తెలియనక్కరలేదు. రైల్వే స్టేషనులో ఐదవ కిటికీ వద్ద నిన్న రామయ్య, నేడు సెల్వరాజు కూర్చుండవచ్చును. లోపలి బీరువాలు అటునుండి ఇటు మార్చవచ్చును. కిటికీ సంఖ్య మాత్రము ఐదే. కొత్త పని వచ్చినచో వరుస చివర ఒక కొత్త కిటికీ తెరువవలెనే గాని నడుమ చొప్పించి తక్కినవాని సంఖ్యలు జరుపరాదు. ఇంతే నియమము. తరువాత వచ్చిన ఆల్ఫా యంత్రములలో దీనికి సింబల్ వెక్టరు అని పేరు మారినది. చివరనే చేర్చవలెనను కట్టడి మారలేదు.

ఇంకొక ఏర్పాటును కలదు. ప్రతి గ్రంథాలయమునకు పెద్ద సంఖ్య ఒకటి, చిన్న సంఖ్య ఒకటి ఇత్తురు. ప్రోగ్రామును కట్టినప్పుడు నాటి సంఖ్యలు దాని లోపల ముద్రింపబడును. నడుపునప్పుడు ఎదుటనున్న గ్రంథాలయపు చిన్న సంఖ్య ముద్రలోనిదానికి సమానముగానో, మించియో యున్నచో సరే. తక్కువైనచో వ్యవస్థ మొగమాటము లేక నిరాకరించును. తక్కువ సంఖ్యయనగా ప్రోగ్రాము అడుగబోవు చివరి కిటికీలు ఇంకను తెరువబడలేదని యర్థము గదా! దారి మధ్యమున బండి పడిపోవుటకన్న స్టేషనులోనే ఆపుట మేలు.

ఈ రెంటినుండి సహజముగా ఒక సూత్రము పుట్టుచున్నది. పలు వయస్సుల యంత్రములున్నచోట, అన్నిటిపై నడువవలసిన ప్రోగ్రామును అన్నిటికన్న పాతదానిపైననే కట్టవలెను. పాతదానిపై కట్టినది కొత్తదానిపై నడచును. కొత్తదానిపై కట్టినది పాతదానిపై నడచునని హామీ లేదు. నీటిబొట్టు పైనుండి క్రిందికి జారినట్లు, పొందిక కూడ పాతనుండి కొత్తవైపే ప్రవహించును. పెట్టెల తయారీలోను ఇదే న్యాయము: బండి పోవు దారిలో ఎంత ఇరుకైన వంతెన యున్నదో ఆ కొలతకు పెట్టెను కట్టుదురు గాని, విశాలమైన స్టేషను చూచి కట్టరు.

ఈ హామీకి ఒక హద్దును కలదు. కిటికీ వద్దకు రాక, వెనుక తలుపున లోనికి చొరబడి, వ్యవస్థ లోపలి పట్టికలను చేతితో ముట్టు ప్రోగ్రాములు కొన్ని యుండును. వానికి హామీ చెల్లదు. వ్యవస్థ మారినపుడు వానిని తిరిగి కట్టవలసిరావచ్చును. లోపలి గది ఇంటివారిది. దానిని వారు ఎప్పుడైనను సర్దుకొందురు.

యంత్రమే మారినపుడు

ఆపరేటింగ్ సిస్టము మారుట ఒకయెత్తు, యంత్రపు అంకెల భాషయే మారుట మరియొకయెత్తు. 1992లో డిజిటల్‌వారు ఆల్ఫా అను కొత్త ప్రాసెసరును తెచ్చిరి. వాక్స్ బైనరీలు ఆల్ఫాకు అర్థము కావు. మూలపాఠము ఉన్నవారు దానిని తిరిగి కంపైలు చేసికొనిరి. మూలపాఠము పోగొట్టుకొన్నవారి గతి యేమి? వారికై వెస్ట్ అను అనువాదక ప్రోగ్రాము నొకదానిని నిర్మించిరి. అది వాక్స్ బైనరీని చదివి, దానినుండియే ఆల్ఫా బైనరీని పుట్టించును. గ్రంథకర్త స్వర్గస్థుడైనను గ్రంథమును వేరొక భాషలోనికి మార్చినట్లే యిది.

తరువాత సంస్థల చేతులు మారినవి. 1998లో కాంపాక్, 2002లో హ్యూలెట్-ప్యాకర్డ్ ఆ ఆస్తికి వారసులైనవి. ఆల్ఫాను విడిచి ఐటేనియం అను ఇంటెల్ ప్రాసెసరునకు పోవుటకు నిశ్చయించిరి, ఓపెన్ వి.ఎం.ఎస్. దానిపైకిని వచ్చెను. మన రైల్వే రిజర్వేషను వ్యవస్థయు 2010 నుండి ఐటేనియం యంత్రములపై ఓపెన్ వి.ఎం.ఎస్.తో నడచుచున్నదని 2025లో రైల్వే మంత్రి పార్లమెంటునకు తెలిపిరి. దానిని పూర్తిగా నవీకరించు పని చేపట్టితిమనియు చెప్పిరి. ఇంతలో ఇంటెల్‌వారు 2021లో ఐటేనియం సరఫరాను నిలిపివేసియుండిరి. 2014లో ఏర్పడిన వి.ఎం.ఎస్. సాఫ్ట్‌వేర్ అను చిన్న సంస్థ ఈ వ్యవస్థను సాధారణ ఇంటెల్ యంత్రములకు మార్చి 2022లో విడుదల చేసెను.

వాక్స్ నాటినుండి ఇప్పటికి ఎన్ని యంత్రములు మారినవి! అయినను కిటికీ వెనుకనున్న గుమాస్తాకు తెరపైన వ్రాతపని పెద్దగా మారలేదు. కిటికీ ముందరనున్న ప్రయాణికునకు అసలే తెలియలేదు. తెలియకపోవుటయే ఆ ఇంజనీర్ల ఘనత. సరిగా జరిగిన పనిని ఎవ్వరును గమనింపరు. రాత్రి పట్టాలు తనిఖీ చేయు గ్యాంగుమనిషి పేరు ప్రయాణికులలో ఎవ్వరికి తెలియును?

ఇతర వ్యవస్థల కథ

ఈ సూత్రము వి.ఎం.ఎస్.తో ఆగలేదు. లినక్స్ యంత్రములలో జి-లిబ్-సి అను మూలగ్రంథాలయము కలదు. 1999 ప్రాంతమునుండి దానిలోని ప్రతి పనికి పేరుతోబాటు ముద్రణ సంఖ్యయు చేర్చిరి. ఒకే పేరుతో పాత పద్ధతియు, కొత్త పద్ధతియు పక్కపక్కనే యుండును. పాత బైనరీ పాతదానిని, కొత్త బైనరీ కొత్తదానిని అడుగును. అందుచే పాత ప్రోగ్రాములకు లోటు లేదు. కాని కొత్త యంత్రముపై కట్టినవాడు మెమ్‌కాపీ అను అతిసాధారణమైన పనిని, అనగా ఒకచోటి అంకెలను వేరొకచోటికి నకలు చేయు పనిని, వాడినను బైనరీలో 2.14 అను ముద్రణ సంఖ్య పడును. అంతకన్న పాత యంత్రము దానిని త్రోసివేయును. ఈ బాధను తప్పించుటకు పైథాన్ భాషవారు 2016లో ఒక కట్టుబాటు చేసికొనిరి. 2007 నాటి సెంటాస్ 5 అను పాత వ్యవస్థను ఒక పెట్టెలో భద్రపరచి, దాని లోపలనే తమ బైనరీలను కట్టసాగిరి. పాతదానిపై కట్టుమన్న సూత్రమే మరల తలయెత్తినది.

కొందరు వేరొక మార్గము త్రొక్కుదురు. తమకు కావలసిన గ్రంథాలయములను బైనరీ లోపలనే కలిపివేసి, ఎవ్వరిని అడుగనక్కరలేకుండ చేసికొందురు. ఇది చద్దిమూట కట్టుకొని ప్రయాణము చేయుట వంటిది. దారిలో హోటలు ఉన్నను లేకున్నను చింతలేదు. మూట బరువు మాత్రము మోయవలెను. మూటలోని అన్నము పాచిపోయినచో, అనగా లోపలి గ్రంథాలయమున దోషము బయటపడినచో, ఎవరి మూటను వారే మార్చుకొనవలెను.

మూడవ మార్గము అడిగి తెలిసికొనుట. ప్రోగ్రాము నడుచుచుండగా ఈ వ్యవస్థలో ఫలానా కొత్త వసతి కలదా యని విచారించి, ఉన్నచో వాడుకొనును, లేనిచో పాత పద్ధతిని పని సాగించును. విండోస్‌పైన ఇట్లు చేయుట వాడుక. మన రైల్వే ఇంజనులను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. పాత ఐ.సి.ఎఫ్. పెట్టెలకు మరబిగింపు కొక్కెము, కొత్త ఎల్.హెచ్.బి. పెట్టెలకు నడిమి కప్లరు. ఈ రెండు జాతుల పెట్టెలు నేరుగా ఒకదానితో నొకటి కలియవు. కాని రెండు విధముల ఏర్పాటును మోయు ఇంజనులు కలవు. ఎదుట ఏ పెట్టె యున్నదో చూచి దానికి తగినట్లు తగిలింతురు.

పొందిక తప్పినచోట నష్టపడునది ఎవరు? ఒకప్పుడు గుంతకల్లు వంటి జంక్షనులలో బ్రాడ్‌గేజి వచ్చి మీటరుగేజిని కలిసెడిది. బండ్లు ఒకదాని పట్టాలపైకి ఒకటి పోలేవు గనుక సరుకంతయు దింపి మరల ఎక్కింపవలెను. ఖర్చు వర్తకునిది, శ్రమ కూలివానిది. గేజి నిర్ణయించిన దొరలకు భుజము నొప్పి లేదు. కంప్యూటరులలోను అంతే. కొత్త యంత్రము కొనగలవానికి ఏ నష్టమును లేదు. పల్లెబడి, చిన్న క్లినిక్కు, పింఛనుపై బ్రతుకు వృద్ధదంపతులు, వీరిదే భారము. పాత యంత్రమును వాడుట సోమరితనము కాదు. పలువురకు అది తప్పనిసరి.

అయితే పాతదానిని ఎల్లకాలము మోయవలెనని మేము వాదింపము. విండోస్ ఎక్స్.పి.కి 2014 ఏప్రిలుతోను, విండోస్ 7కు 2020 జనవరితోను, విండోస్ 10కి 2025 అక్టోబరుతోను మైక్రోసాఫ్ట్‌వారి సాధారణ పోషణ ముగిసెను. పోషణ లేని వ్యవస్థకు దొంగల భయము ఎక్కువ. దానిని ఇంటర్నెట్టునకు కలిపి బ్యాంకు పని చేయుట ప్రమాదకరము. గూగుల్‌వారి క్రోమ్ విండోస్ 7పై 2023 ఆరంభమున వచ్చిన 109వ ముద్రణతో ఆగిపోయెను. పాత వంతెనను మూయవలసిన దినము ఎప్పుడో ఒకప్పుడు వచ్చును. మూయుటకు ముందు తగినంత గడువిచ్చి, ప్రకటన చేసి, పక్కదారి చూపుట నాగరికులైనవారి పద్ధతి. చెప్పకుండ మూయుట మాత్రమే తప్పు.

తెలుగు అక్షరముల సంగతి

ఈ న్యాయము మన అక్షరములకును వర్తించుట చూడుడు. తొంబదియవ దశకమున తెలుగు ముద్రణ కంప్యూటరునకు వచ్చినపుడు, ఒక్కొక్క ఫాంటు చేసినవారు ఇంగ్లీషు అక్షరముల గళ్లలో తమకు తోచినట్లు తెలుగు ముక్కలను నింపుకొనిరి. ఒకరి గడిలో తలకట్టు, ఇంకొకరి అదే గడిలో కొమ్ము. ఆ ఫాంటు ఉన్నంతసేపు అది తెలుగు; లేనినాడు అర్థము లేని ఇంగ్లీషు అక్షరముల రాశి. ఆనాడు అచ్చైన పుస్తకముల కాగితపు ప్రతులు నేటికిని చదువవచ్చును. వాని కంప్యూటరు ఫైళ్లు మాత్రము మూగవైనవి. ఆ ఫైళ్లను కూర్చిన పదునారు బిట్ల ప్రోగ్రాములు నేటి అరువదినాలుగు బిట్ల విండోస్‌పైన నేరుగా నడువవు.

యూనికోడ్ వచ్చి ఈ దోషమును తీర్చినది. 1991 నాటి తొలి ముద్రణనుండియే దానిలో తెలుగునకు నూట ఇరువదియెనిమిది గళ్ల పేట యొకటి కేటాయింపబడినది. 2001లో విండోస్ ఎక్స్.పి. గౌతమి ఫాంటుతో తెలుగును చూపసాగెను. ప్రవాసాంధ్రులైన తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన అను ఫాంటులను చేసి ఉచితముగా నొసగిరి. పాత ఫాంటుల వ్రాతను యూనికోడ్‌లోనికి మార్చుటకు పద్మ అను జోడింపు ఫైర్‌ఫాక్స్‌లో పనిచేసెడిది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాతరకపు జోడింపులనన్నిటిని నిలిపివేయగా అట్టివానిని మరల వ్రాయవలసివచ్చెను. పాతదానిని కాపాడు పనిముట్టే పాతదైపోయినది!

యూనికోడ్ నిర్మాతలు ఇచ్చిన మాటయు కిటికీల న్యాయమే. ఒకసారి ఒక అక్షరమునకు గడి ఇచ్చినచో దానిని మరల జరుపరు, తీసివేయరు. కొత్త అక్షరములు ఖాళీ గళ్లలోనే కూర్చుండవలెను. దంత్యములైన ౘ, ౙ లు 2008లోను, ఴ అను అక్షరము 2014లోను, నకారపొల్లు 2021లోను అట్లే వచ్చి చేరినవి. వానికై క, ఖ, గ లలో ఒక్కటియు తన చోటినుండి కదలలేదు. అందుచేత 1991 పద్ధతిని వ్రాసిన తెలుగు నేటికిని చెడలేదు. కాని నేడు ౘ వ్రాసి పాత ఫాంటు గల యంత్రమునకు పంపినచో అక్కడ ఖాళీ డబ్బా మాత్రము కనబడును. వ్యాకరణపండితునకు ౘ కావలెను. పాత యంత్రమున చదువు తాతగారికి చ చాలును. ఎవరికై వ్రాయుచున్నామో వారి వద్దనున్న గళ్లతో వ్రాయవలెనను నియమమును ప్రోగ్రాము కట్టువాడును, ఉత్తరము వ్రాయువాడును సమానముగా పాటింపవలసియున్నది.

మనకు దీనివలన తెలియునది

ఈ ప్రాంతపు తెలుగువారికి పొందిక యన్న మాట క్రొత్తది కాదు. 1960 ఏప్రిలు 1వ తేదీన తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మారినది. కొండ కదలలేదు, గుడి కదలలేదు, పొలము గట్లు కదలలేదు. కచేరీ భాష మాత్రము మారినది. అంతకుముందు తెలుగున వ్రాసియుంచిన దస్తావేజులు గల కుటుంబములకు వ్యవస్థ మారినను ఆ పత్రముల విలువ చెల్లవలెనను కోరిక సహజము. పాత కాగితమును చదువగలవాడు కొత్త కచేరీలో ఒక్కడైనను ఉన్ననాడే ఆ కోరిక తీరును. బైనరీల విషయమున ఇంజనీర్లు ఏండ్లతరబడి పడుచున్న పాటు ఇదియే.

మన పట్టాభిరాములో 2024 నవంబరున ఇరువదియొక్క అంతస్తుల టైడెల్ పార్కు ప్రారంభింపబడినది. కలవల కన్నన్ చెట్టిగారి పేరిటనున్న హిందూ కళాశాలలో చదివిన మన బిడ్డలకు ఇక సాఫ్ట్‌వేరు పని ఇంటి ముంగిటికి వచ్చినట్లే. వారికి పెద్దలుగా మేము చెప్పగలది ఒక్కటే. మీ బల్లపైనున్న యంత్రమును కొలతగా తీసికొనకుడు. మీరు వ్రాయు ప్రోగ్రామును వాడువారిలో కడు పాత యంత్రము ఎవరి వద్దనున్నదో విచారించి, దానిపైన కట్టి, దానిపైన నడిపి చూడుడు. మీరు పదిమంది వాడుకొను గ్రంథాలయమును నిర్మించినచో, ఒకసారి తెరచిన కిటికీని మూయకుడు, దాని సంఖ్యను జరుపకుడు.

సంఘ కుటుంబములకును ఒక మనవి. ఇంట ఉన్న పాత తెలుగు ఫైళ్లను, పెళ్లి పత్రికలను, వంశవృక్షములను, సంఘపు పూర్వసంచికలను, వానిని తెరువగల యంత్రము పనిచేయుచుండగనే యూనికోడ్‌లోనికి మార్చి భద్రపరచుకొనుడు. మార్చుట రానిచో కాగితముపైననైనను అచ్చు తీసియుంచుడు. పాత కంప్యూటరును పాతయినుప బేరగానికిచ్చుటకు ముందు దాని కడుపులో ఏమున్నదో ఒక్కసారి చూడుడు. సంఘమువారు సభ్యులకు పంపు ప్రకటనలను పాత ఫోనులలోను తెరచుకొను సామాన్యరూపమున పంపుట మంచిది. అందమైన కొత్త రూపమును పదిమంది చూచి మెచ్చుటకన్న, సాదా రూపమును నూరుమంది చదువుట సంఘమునకు లాభము.

1856లో పట్టాలు పరచినవారు వందే భారత్‌ను ఊహించియుండరు. వారు కొలతను నిజాయితీగా నాటిరి. వెనుకవచ్చినవారు దానిని మన్నించిరి. ఆ రెండును కలిసినందుననే నేడు మన స్టేషను మీదుగా బండి ఆగక పోవుచున్నది. ప్రోగ్రాములకైనను, అక్షరములకైనను, కుటుంబములకైనను ముందువారి మాట, వెనుకవారి మన్నన కలిసినంతకాలము దారి సాగును.